‘స్టిల్’: ఒక నిత్యవ్యవహార ఆంగ్ల పదం – అర్థపరిణామం, సాహిత్య ప్రయోగాలు

వ్యాససంగ్రహం:
ఆంగ్లంలో అనుదినం వినిపించే ‘స్టిల్’ అనే పదానికి కదలిక లేకపోవడం, సవ్వడి లేకపోవడం, ఎల్లప్పుడూ, ఇప్పటికీ, అయినప్పటికీ అనే అర్థాలున్నాయి. ఇవి ఒకే మూలం నుంచి ఒకదాని వెంట ఒకటి ఏర్పడ్డాయి. ఏ కాలంలో ఏ అర్థం ప్రధానంగా ఉండేదో గమనించకపోతే, ప్రాచీన ఆంగ్ల రచనలను తెలుగు విద్యార్థులకు బోధించేటప్పుడూ తెలుగులోకి అనువదించేటప్పుడూ పైకి కనిపించని పొరపాట్లు దొర్లుతాయి. బైబిల్ అనువాదాలు, షేక్‌స్పియర్ నాటకాలు, వర్డ్స్‌వర్త్, కీట్స్, టెన్నిసన్, ఎలియట్, మాయా ఏంజెలో కవితలు ఆధారంగా ఈ పదం తీరును, దానికి దగ్గరగా రాగల తెలుగు మాటలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: స్టిల్, అర్థవిపరిణామం, అనేకార్థకత, షైలాక్, కీట్స్, ఎలియట్, అనువాద సమస్యలు.

1. ప్రస్తావన

కఠినపదాలు పాఠకుణ్ణి పెద్దగా మోసం చేయవు. తెలియని మాట ఎదురైతే పాఠకుడు ఆగుతాడు, నిఘంటువు తీస్తాడు, అధ్యాపకుణ్ణి అడుగుతాడు. మోసం చేసేవి తెలిసిన మాటలే. అర్థం తెలుసునన్న ధీమాతో పాఠకుడు వాటి మీదుగా దాటిపోతాడు. సి.ఎస్. లూయిస్ 1960లో ప్రచురించిన ‘స్టడీస్ ఇన్ వర్డ్స్’ అనే గ్రంథంలో ఈ స్థితికి ఒక పేరు పెట్టాడు: ప్రమాదకరమైన అర్థం. నేటి వాడుకలో ఒక పదానికి ప్రబలంగా ఉన్న అర్థం పాత రచనలోకి చొరబడి, అక్కడ కూడా అంతో ఇంతో పొసిగితే, పాఠకుడు తాను తప్పు చదువుతున్నానని ఎన్నటికీ గుర్తించడు. వాక్యం అర్థం కాకుండా పోతే అనుమానం వస్తుంది. అర్థమైపోతే రాదు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

లూయిస్ తన గ్రంథంలో నేచర్, శాడ్, విట్, ఫ్రీ వంటి పదాలను చర్చకు తీసుకున్నాడు. ‘స్టిల్’కు అందులో ప్రత్యేక అధ్యాయం లేదు. అయితే ఆయన సూత్రానికి ఇంతకన్న చక్కని ఉదాహరణ దొరకడం కష్టం. మన కళాశాలల్లో తరతరాలుగా పాఠ్యాంశంగా ఉంటూ వచ్చిన ‘ది మర్చంట్ ఆఫ్ వెనిస్’ నాటకంలోనే అది ఉంది.

మొదటి అంకం మూడో రంగంలో అప్పు కోసం వచ్చిన ఆంటోనియోతో షైలాక్ పాత సంగతులు ఎత్తుతాడు. రియాల్టోలో నలుగురి ముందూ తనను ఎన్నోమార్లు తిట్టాడని గుర్తుచేసి, దాన్ని తాను భుజాలు ఎగరేసి ఓర్పుతో భరించానని అంటాడు. ఆ భరించానన్న పాదం ‘స్టిల్’తో మొదలవుతుంది. నేటి విద్యార్థి చెవికి అది ‘అయినా’ అని వినిపిస్తుంది: నువ్వు తిట్టావు, అయినా నేను సహించాను. వాక్యం చక్కగా అతికింది, అర్థమూ గంభీరంగానే ఉంది. కాని షేక్‌స్పియర్ ఆ మాటను వాడింది ఆ అర్థంలో కాదు. అక్కడ దానికి అర్థం ‘ఎల్లప్పుడూ’. ఈ రెండింటి మధ్య తేడా చిన్నదిగా కనిపించినా, షైలాక్ ఎవరన్న ప్రశ్న దాని మీద ఆధారపడి ఉంది. దాన్ని నిరూపించే ముందు ఈ పదం పుట్టుపూర్వోత్తరాలు కొంత చూడాలి.

2. పదచరిత్ర

ప్రాచీన ఆంగ్లంలో ‘స్టిల్లె’ అంటే కదలకుండా ఉన్నది. ఉన్నచోట నిలపడం అనే భావమున్న జర్మానిక్ మూలం నుంచి ఈ పదం వచ్చింది. కదలనిది సాధారణంగా చప్పుడు చేయదు కనుక సవ్వడి లేకపోవడమనే అర్థం దానికి మొదటినుంచీ తోడుగా ఉంది. ఇంతవరకు సోదరభాషలతో పేచీ లేదు. జర్మన్ భాషలో నేటికీ ‘ష్టిల్’ అంటే నిశ్శబ్దమే. 1818లో ఆస్ట్రియాలో మొదటిసారి పాడిన ప్రసిద్ధ క్రిస్మస్ గీతం ‘ష్టిల్లె నాఖ్ట్’ పేరులో ఉన్నది ఆ మాటే. కాని ‘ఇంకా’ అని చెప్పడానికి జర్మన్లు ‘నోఖ్’ అనే వేరే మాట వాడతారు. స్థలానికి చెందిన పదాన్ని కాలంలోకి అంత దూరం లాక్కుపోయింది ఆంగ్లమే.

ఆ ప్రయాణం ఇలా సాగింది. ఉన్నచోటు నుంచి కదలనిది మారనిదవుతుంది. మారకుండా ఉండేది ఎల్లప్పుడూ ఉండేదవుతుంది. మధ్యయుగాల ఆంగ్లం నుంచి పదిహేడో శతాబ్దం దాకా క్రియావిశేషణంగా ‘స్టిల్’కు ‘ఎల్లప్పుడూ, ఎడతెగకుండా’ అనే అర్థమే బలంగా ఉండేది. ఎల్లప్పుడూ ఉన్నది ఈ క్షణంలోనూ ఉంటుంది కాబట్టి పదహారో శతాబ్దంలో ‘ఇప్పటికీ’ అనే అర్థం దాని పక్కన తలెత్తింది. ఏదో అడ్డు వచ్చినా ఇప్పటికీ ఉన్నదని చెప్పవలసి వచ్చినప్పుడు ఆ అడ్డు భావం కూడా పదంలోకి ఇంకి ‘అయినప్పటికీ’ అనే అర్థం ఏర్పడింది. ఈ చివరి అర్థం పద్దెనిమిదో శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచి స్పష్టంగా స్థిరపడినట్టు పదచరిత్రకారులు చెబుతారు. ‘దానికన్న ఇంకా మేలు’ అన్నట్టుగా తారతమ్యాన్ని పెంచే ప్రయోగమూ దాదాపు ఆ కాలానిదే.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక అవసరం. సారా కాచే బట్టీని కూడా ఆంగ్లంలో ‘స్టిల్’ అంటారు. దీనికీ పై పదానికీ చుట్టరికం లేదు. అది చుక్క అనే అర్థమున్న లాటిన్ ‘స్టిల్లా’ నుంచి వచ్చింది, ‘డిస్టిల్’కు దగ్గర బంధువు. ధ్వనిసామ్యాన్ని బట్టి ఈ రెండింటినీ ముడిపెట్టి వ్యాఖ్యానం అల్లడం ముచ్చటగా ఉండవచ్చు గాని శాస్త్రీయం కాదు.

3. ఒక ఆంగ్ల పదం, మూడు హెబ్రీ పదాలు, మూడు తెలుగు మాటలు

1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిల్ ఈ పదానికి ఆంగ్లసాహిత్యంలో ఒక పవిత్రతను కట్టబెట్టింది. మూడు సందర్భాలు చాలా ప్రసిద్ధమైనవి. 23వ కీర్తనలో కాపరి తన గొర్రెను నడిపించే నీటికి ఇది విశేషణం. 46వ కీర్తన 10వ వచనంలో దైవం మనుషులకిచ్చే ఆజ్ఞలో ఇది ప్రధానపదం. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో గాలి, భూకంపం, అగ్ని గడిచిపోయాక ఏలీయా వినే స్వరానికి మళ్ళీ ఇదే విశేషణం.

హెబ్రీ మూలంలో ఈ మూడు చోట్లా మూడు వేర్వేరు పదాలున్నాయి. కీర్తనలోని నీరు విశ్రాంతినిచ్చే నీరు. అక్కడి మాట విశ్రాంతి అనే అర్థమున్న ‘మెనూఖా’. దైవాజ్ఞలోని క్రియ ‘రాఫా’ ధాతువుకు చెందింది. పట్టు సడలించు, చేతిలోనిది వదిలిపెట్టు అని దాని భావం. ఏలీయా కథలోని ‘దెమామా’కు నిశ్శబ్దం అని అర్థం. ఆంగ్లానువాదకులు ఈ మూడింటినీ ఒకే పదంలోకి మడిచిపెట్టారు. అందువల్ల ఆంగ్లపాఠకుడికి ఈ మూడు ఘట్టాల మధ్య మూలంలో లేని ఒక అంతర్లీన సంబంధం వినిపిస్తుంది. తరువాతి ఆంగ్లకవులు ఈ పదాన్ని ముట్టుకున్నప్పుడల్లా ఆ ప్రతిధ్వని వెంట వస్తూనే ఉంటుంది.

తెలుగు క్రైస్తవసమాజంలో దీర్ఘకాలంగా చదువుతున్న అనువాదంలో ఆ మడత మళ్ళీ విప్పుకుంది. నీటి విషయంలో ‘శాంతికరమైన’ అన్నారు. ఆజ్ఞలో ‘ఊరకుండు’ అనే క్రియను వాడారు. స్వరానికి ‘నిమ్మళము’ అనే మాట వేశారు. వీటిలో ‘ఊరకుండు’ను ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. ఆ కీర్తనలో అంతకు ముందరి వచనం యుద్ధాలు ఆగిపోవడాన్నీ విల్లు విరగడాన్నీ చెబుతుంది. అంటే ఆజ్ఞ ఆరాటాన్ని మానుకొమ్మని, చేస్తున్న పోరు వదలమని. ఆంగ్ల పదం వల్ల ఆ వచనం క్రమంగా ఏకాంత మౌనధ్యానానికి సూక్తిగా మారిపోయింది. ‘ఊరకుండు’లో మాట్లాడకపోవడం, ఏమీ చేయకపోవడం రెండూ ఉన్నాయి. హెబ్రీ క్రియకు ఆంగ్లం కన్న అదే దగ్గర.

4. షేక్‌స్పియర్: ‘ఎల్లప్పుడూ’

షేక్‌స్పియర్ రచనల్లో ‘స్టిల్’ కనబడినప్పుడు ముందుగా పరీక్షించవలసిన అర్థం ‘ఎల్లప్పుడూ’. ‘రోమియో అండ్ జూలియట్’ మొదటి రంగంలో రోమియో ప్రేమను పరస్పరవిరుద్ధమైన జంటలతో వర్ణిస్తూ పోతాడు. సీసపు బరువున్న ఈక, చల్లని నిప్పు వంటి వరసలో నిద్రకూ ఒక విశేషణం ఉంది. అది ‘ఇంకా మేలుకొని ఉన్న’ నిద్ర కాదు, ‘ఎన్నడూ మేలుకొనే ఉండే’ నిద్ర. మొదటి అర్థం తీసుకుంటే వైరుధ్యం తాత్కాలికమై చప్పబడిపోతుంది. ‘ది టెంపెస్ట్’లో ఏరియల్ ప్రస్తావించే బెర్ముడా దీవులు కూడా ఎల్లవేళలా తుఫానుల పాలైన దీవులే. అక్కడ ‘నిశ్చలం’ అనే అర్థాన్ని పట్టుకుంటే దీవులు తలకిందులవుతాయి.

76వ సానెట్ ఇందుకు చక్కని సాక్ష్యం. కవి తనను తానే ప్రశ్నించుకుంటాడు: తన కవిత్వం ఎందుకు కొత్త పోకడలకు పోకుండా ఒకే తీరుగా ఉంటోందని. పదునాలుగు పాదాల్లో ఈ పదం మూడుసార్లు వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు దాని పక్కనే ‘ఎప్పుడూ అదే’ అనే భావమున్న మాటలను కవి స్వయంగా చేర్చాడు. వ్యాఖ్యాత పని కవే చేసిపెట్టినట్టయింది.

ఇప్పుడు మళ్ళీ షైలాక్ దగ్గరికి. అతని మాటకు ముందున్న పాదాల్లో ‘ఎన్నోమార్లు’ అనే భావం ఉంది. వెనుకనున్న పాదంలో ఓర్పు తన జాతి అందరికీ గుర్తు అని కారణం చెబుతాడు. ముందు ఆవృత్తి, వెనుక జాతిలక్షణం. ఈ రెండింటి నడుమ ఒదిగే అర్థం ‘ఎల్లప్పుడూ’ ఒక్కటే. నాటకం 1600లో తొలిసారి అచ్చయింది. ‘అయినా’ అనే అర్థం పదంలో స్థిరపడడానికి అది దాదాపు ఒక శతాబ్దం ముందటి మాట.

అర్థం మారితే ఏం మారుతుంది? ‘అయినా సహించాను’ అన్నవాడు తన ఔదార్యాన్ని చెప్పుకుంటున్నాడు. ఎదుటివాడి దుర్మార్గానికి ప్రతిగా తన మంచితనాన్ని నిలబెడుతున్నాడు. ‘ఎప్పుడూ సహిస్తూనే వచ్చాను’ అన్నవాడు మంచితనం చెప్పుకోవడం లేదు. తన జీవితస్థితిని చెబుతున్నాడు. ఓర్పు అతనికి గుణం కాదు, వెనిస్ నగరంలో యూదుడిగా బతకడానికి కట్టిన సుంకం. ఇంకొకటి కూడా ఉంది. ఈ తిట్ల జాబితా ముగిశాక షైలాక్ ‘ఇప్పుడు నా సాయం కావలసివచ్చిందన్న మాట’ అనే ధోరణిలో మాట మలుపుతాడు. ఆ ‘ఇప్పుడు’ దేనికి ఎదురుగా నిలుస్తుంది? అంతకు ముందరి ‘ఎల్లప్పుడూ’కు. ఇన్నాళ్ళ మారని స్థితి ఈ క్షణంలో తిరగబడుతోందన్న చేదు వ్యంగ్యం ఆ రెండు కాలవాచకాల రాపిడిలోంచి పుడుతుంది. ‘అయినా’ అని చదివితే మొదటి కాలవాచకమే మాయమవుతుంది. వ్యంగ్యం సగం చస్తుంది. ఈ పాదాన్ని రంగస్థలం మీద చెప్పే నటుడు ఏ మాట మీద బరువు వేయాలన్నది కూడా దీన్ని బట్టే తేలుతుంది.

5. మౌనం, మరణం

కదలికా సవ్వడీ రెండూ లేని స్థితి మరణానికి దగ్గరగా ఉంటుంది. చనిపోయి పుట్టిన శిశువును చెప్పడానికి ఆంగ్లంలో ఈ పదంతోనే సమాసం చేశారు. చిత్రకళలో దీనికి భిన్నమైన ఒక చూపు ఉంది. పళ్ళు, పాత్రలు, పువ్వుల వంటి వస్తువులను అమర్చి గీసే చిత్రాలను డచ్చివారు ‘స్టిల్లెవెన్’ అన్నారు, దాన్నే ఆంగ్లేయులు ‘స్టిల్ లైఫ్’ చేసుకున్నారు. ఫ్రెంచివారు వాటినే ‘నాత్యూర్ మోర్త్’ అంటారు, అంటే మృతప్రకృతి. ఒకే పండ్లబుట్టలో ఒకరికి కుదురుకున్న ప్రాణం కనిపించింది, మరొకరికి పోయిన ప్రాణం.

వర్డ్స్‌వర్త్ 1807లో ప్రచురించిన వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన సానెట్‌లో ఈ రెండు చూపులూ కలిసే ఉన్నాయి. తెల్లవారుజామున నిద్రలో ఉన్న లండన్‌ను కవి ఒక మహాహృదయంగా చూసి, అది ‘స్టిల్’గా ఉందని ముగిస్తాడు. నిద్రిస్తున్న నగరం ప్రశాంతంగా ఉన్నదని ఒక అర్థం. కాని హృదయం కదలకుండా ఉంటే దాన్ని ప్రశాంతత అనం. నగరం ఇంత అందంగా ఉన్నది దాని గుండె ఆగిన ఈ కాసేపేనా అన్న శంక పాఠకుడి మనసులో తిరుగుతుంది. కవి ఆ శంకను తీర్చడు.

టెన్నిసన్ ‘బ్రేక్, బ్రేక్, బ్రేక్’ అనే కవిత 1842లో అచ్చయింది. 1833లో మరణించిన మిత్రుడు ఆర్థర్ హాలమ్ స్మృతి దాని వెనుక ఉంది. సముద్రపు అలలను చూస్తూ కవి, మాయమైన చేతి స్పర్శ కోసం, మూగబోయిన గొంతు సవ్వడి కోసం తపిస్తాడు. ‘మూగబోయిన’ అన్నచోట మూలంలో ఉన్నది ‘స్టిల్’. విద్యార్థి దాన్ని ‘ఇంకా’ అని తీసుకుంటే, లేని గొంతు కాస్తా ఇంకా ఉన్న గొంతు అవుతుంది. పచ్చి వ్యాకరణదోషమే, కాని ఒక విచిత్రం లేకపోలేదు. ఆ గొంతు ఇంకా చెవిలో ఉండబట్టే కదా కవికి ఈ వేదన. ఈ అర్థాన్ని పరీక్ష జవాబులో ఒప్పుకోలేం గాని, చదివే మనసు దాన్ని పూర్తిగా తోసిపుచ్చలేదు.

6. కీట్స్: ఒక కామా

‘ఓడ్ ఆన్ ఎ గ్రీషియన్ అర్న్’ను కీట్స్ 1819లో రాశాడు. ప్రాచీన గ్రీకు కలశాన్ని సంబోధిస్తూ మొదలయ్యే ఆ కవిత మొదటి పాదంలో రెండో మాటే ‘స్టిల్’. కలశాన్ని కవి నిశ్శబ్దానికి చెందిన, ఎవరూ ముట్టని వధువుగా భావిస్తాడు. ఇక్కడ ఈ పదం విశేషణమా, క్రియావిశేషణమా? విశేషణమైతే ఆమె కదలని, పలకని వధువు. క్రియావిశేషణమైతే ఇప్పటివరకూ ఎవరూ ముట్టని వధువు.

1820 జనవరిలో ‘ఆనల్స్ ఆఫ్ ది ఫైన్ ఆర్ట్స్’ పత్రికలో ఈ కవిత మొదట వెలువడినప్పుడు ఆ మాట తరువాత ఒక కామా ఉంది. కామా ఉంటే అది విశేషణమే. అదే ఏడాది వేసవిలో వచ్చిన కీట్స్ సంపుటిలో ఆ కామా లేదు. తీసేసింది ఎవరైనా, దాని ఫలితం మాత్రం పెద్దది. కామా పోవడంతో రెండో అర్థానికి తలుపు తెరుచుకుంది. ‘కదలని వధువు’ అన్నప్పుడు కలశం పూర్తిగా నిర్భయంగా ఉంది. ‘ఇప్పటివరకూ ముట్టని వధువు’ అన్నప్పుడు రేపటి మీద నీడ పడింది. ‘ఇప్పటివరకూ’ అన్న మాటలోనే ఇకముందు ఏమవుతుందోనన్న భయం ఉంటుంది. రెండువేల ఏళ్ళు నిలిచిన మట్టో పాలరాయో ఇంకెన్నాళ్ళు నిలుస్తుంది?

మూడో చరణంలో ఈ మాట మళ్ళీ వస్తుంది. చెట్లు, పాటగాడు, ప్రేమికులు అందరూ ఎన్నటికీ అలాగే ఉంటారని ‘ఎన్నటికీ’ అనే అర్థమున్న మాటలను కవి పదే పదే పలుకుతాడు. ఆ వరసలోనే ప్రేమ ఇంకా అనుభవించవలసి ఉన్నదని అంటాడు. అనుభవం ఎల్లప్పుడూ ముందే ఉంటుంది, కనుక తరగదు. అనుభవం ఎన్నడూ ముందే ఉంటుంది, కనుక అందదు. కలశం మీది ప్రేమికుల భాగ్యమూ దౌర్భాగ్యమూ ఒకే మాటలో ఉన్నాయి. వాళ్ళు కదలరు కాబట్టి మారరు, మారరు కాబట్టి ఎప్పటికీ ఉంటారు, ఎప్పటికీ ఉన్నా ముద్దు మాత్రం పెట్టుకోలేరు. పదచరిత్ర కొన్ని శతాబ్దాలపాటు నడిచిన దారిని కీట్స్ ఒక్క చిత్రంలో నడిచాడు.

ఆయన ‘బ్రైట్ స్టార్’ సానెట్‌లోనూ ఈ మాట నాలుగుసార్లు ఉంది. నక్షత్రంలా స్థిరంగా ఉండాలి, కాని దానిలా ఒంటరిగా కాదు, ప్రియురాలి ఊపిరి ఎల్లప్పుడూ వింటూ ఉండాలని కోరిక. కదలని స్థితిలోనే ఎగిసిపడే ఊపిరిని వినాలన్న ఆ కోరిక తీరేది కాదని సానెట్ ముగింపులోని మరణప్రస్తావనే చెబుతుంది.

అమెరికన్ విమర్శకుడు మర్రే క్రీగర్ 1967లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ వ్యాసం శీర్షికలోనే ఈ పదాన్ని నిలిపాడు. కవిత్వం కాలంలో సాగేది, చిత్రం స్థలంలో నిలిచేది అని 1766లో ‘లావోకూన్’ గ్రంథంలో లెస్సింగ్ చేసిన విభజనకు అది ఒక సమాధానం. చిత్రాన్ని వర్ణించే కవిత తాను కదులుతూనే నిలిచిపోవాలనుకుంటుందని, ‘స్టిల్’లోని కదలకపోవడం, ఎడతెగకపోవడం అనే రెండర్థాలు కలిసి ఆ కోరికకు పేరవుతాయని క్రీగర్ వాదన.

7. తెలుగులో దీనికి మాట ఉందా?

‘ఇంకా’ చాలావరకు సరిపోతుందని మొదట అనిపిస్తుంది. ‘ఇంకా ఇక్కడే ఉన్నాడు’ అన్నప్పుడు ఇప్పటికీ అని, ‘ఇంకా ఎత్తు’ అన్నప్పుడు తారతమ్యం అని, ‘ఇంకా రాలేదు’ అన్నప్పుడు ఆంగ్లంలో వేరే మాట కావలసిన అర్థమని ‘ఇంకా’ విస్తృతమైన మాటే. కాని దాని రాజ్యమంతా కాలంలోనూ పరిమాణంలోనూ ఉంది. నిశ్చలత్వం దాని ఎల్లలో లేదు. ‘నిశ్చలం’, ‘నిశ్శబ్దం’ అనే సంస్కృతపదాలది సరిగ్గా ఎదురు సమస్య. అవి స్థలంలోనో ధ్వనిలోనో ఆగిపోతాయి, కాలంలోకి రావు. పైగా రెండిటిలోనూ ఉన్నది ఏదో లేకపోవడమే. ఆంగ్ల పదంలో ఆ నిషేధం లేదు. కదలిక, ధ్వని రెండూ కలిసి లేకపోవడాన్ని చెప్పడానికి అచ్చతెలుగులో ‘ఉలుకూ పలుకూ లేకుండా’ అనే జాతీయం ఉంది. టెన్నిసన్‌కు, వర్డ్స్‌వర్త్‌కు అది పనికివస్తుంది. కీట్స్‌కు చాలదు.

కీట్స్‌కు పనికివచ్చే మాటలు అనుకోని చోట దొరుకుతాయి. ఫొటో తీసేవాడు పిల్లవాడితో ‘కదలకుండా అలాగే ఉండు’ అంటాడు. ఇరవై ఏళ్ళ తరువాత సొంతూరు చూసి వచ్చినవాడు ‘ఊరు అలాగే ఉంది’ అంటాడు. మొదటి వాక్యంలో ‘అలాగే’ నిశ్చలత్వాన్ని, రెండోదానిలో కాలం గడిచినా మారకపోవడాన్ని చెబుతోంది. ‘నిలుచు’ క్రియదీ ఇదే గుణం. నిలిచిన నీరు కదలదు, నిలిచిన పేరు చెరగదు. ‘నిలకడ’లో కుదురు ఉంది, దీర్ఘకాలికతా ఉంది. స్థలంలోంచి కాలంలోకి ఆంగ్లం వేసిన అడుగునే తెలుగు కూడా ఈ రెండు మాటల్లో వేసింది. కలశాన్ని ‘నిలిచిన వధువు’ అనడం వినసొంపుగా లేకపోవచ్చు. అయినా ‘ఇంకా’, ‘నిశ్చల’ అనే రెండు మాటల మధ్య ఒకదాన్ని వదులుకొనే ముందు ఈ ధాతువు వైపు ఒకసారి చూడడం అనువాదకుడికి మేలు.

ఆంగ్ల పదం కూడా తెలుగులోకి ఒక రూపంలో వచ్చే ఉంది. సినిమా ప్రచారానికి తీసే ఛాయాచిత్రాలు తెలుగువారికి ‘స్టిల్స్’. ‘స్టిల్ ఇవ్వడం’ అంటే ఛాయాచిత్రం కోసం ఒక భంగిమలో నిలవడం. కదిలే బొమ్మల మధ్య నుంచి తీసిన కదలని బొమ్మ, సినిమా పోయినా ఉండిపోయే బొమ్మ. విశేషణం నామవాచకమై వచ్చినా మూలంలోని రెండర్థాలనూ ఇది తెలియకుండానే మోసుకొచ్చింది.

8. ఎలియట్: పాదం విరిచిన చోట

‘ఫోర్ క్వార్టెట్స్’ కవి టి.ఎస్. ఎలియట్ ఈ మాటతో ఉద్దేశపూర్వకంగా పనిచేశాడు. ‘బర్న్ట్ నార్టన్’ (1936) రెండో భాగంలో తిరిగే లోకం నడుమ కదలని బిందువు ఒకటి ఉంది. అది చలనమూ కాదు, ఆగిపోవడమూ కాదు. దాన్ని వివరించడానికి కవి వాడే నిషేధాలు ఉపనిషత్తుల పాఠకుడికి కొత్తగా తోచవు. ఎలియట్ హార్వర్డ్‌లో సంస్కృతం చదివినవాడని ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు.

అసలు విశేషం అయిదో భాగంలో ఉంది. మాటలు, సంగీతం రూపం ద్వారానే నిశ్చలతను అందుకుంటాయని చెబుతూ కవి ఒక చీనా జాడీని పోలికగా తెస్తాడు. జాడీ పేరు చెప్పి, ‘స్టిల్’ అని, అక్కడ పాదం విరిచాడు. పాదాంతంలో క్షణం ఆగిన పాఠకుడికి అది కదలని జాడీ. తరువాతి పాదం ‘కదులుతుంది’ అన్న క్రియతో మొదలుకాగానే అంతకు ముందు చదివిన మాట అర్థం మార్చుకుంటుంది. ఆ జాడీ ఎడతెగక కదులుతోంది, అదీ తన నిశ్చలతలో. పాఠకుడు ఆ మాటను రెండుసార్లు, రెండర్థాల్లో చదవక తప్పదు. కీట్స్ కలశం ఒక శతాబ్దం తరువాత చీనా జాడీగా తిరిగివచ్చిందని విమర్శకులు గమనించారు.

‘ఈస్ట్ కోకర్’ (1940) చివర్లో వృద్ధులు అన్వేషకులుగా ఉండాలని చెప్పాక, ఒకే పాదంలో ఈ మాటను రెండుసార్లు పక్కపక్కన పెట్టాడు. మొదటిది నిశ్చలంగా ఉండడం, రెండోది ఇంకా సాగిపోతూ ఉండడం. ఆంగ్లంలో ఒకే ధ్వని కాబట్టి వైరుధ్యం వైరుధ్యంగా వినిపించదు. తెలుగులో ‘నిశ్చలంగా ఉంటూ ఇంకా సాగుతూ’ అంటే అర్థం చేరుతుంది, ధ్వని చేరదు. వైరుధ్యం విడిపోయి కనిపిస్తుంది. ‘అలాగే ఉండి, అలాగే సాగాలి’ అన్న వాక్యంలో కొంత మిగులుతుంది. మొదటి ‘అలాగే’ నిలకడ, రెండో ‘అలాగే’ కొనసాగింపు.

9. మాయా ఏంజెలో: ‘అయినా’

ఈ పదానికి చిట్టచివర వచ్చిన అర్థం మీద నిలిచిన ప్రసిద్ధ కవిత మాయా ఏంజెలో ‘స్టిల్ ఐ రైజ్’. ఇది 1978లో వెలువడిన సంపుటిలోది. నల్లజాతి స్త్రీ తనను తొక్కిపెట్టిన చరిత్రను ఒక్కొక్కటిగా ఎత్తిచూపి, ప్రతిసారీ తాను లేస్తానని ప్రకటిస్తుంది. వరస చూస్తే షైలాక్ ప్రసంగాన్ని పోలి ఉంటుంది: ఎదుటివాడు చేసిన అవమానాలు, ఆ తరువాత తన జవాబు, ఆ జవాబు ముందు ఈ చిన్నమాట. కాని నడుమ దాదాపు నాలుగు శతాబ్దాలు గడిచాయి. పదంలోకి ‘అయినప్పటికీ’ పూర్తిగా వచ్చి చేరింది. షైలాక్ ఎల్లప్పుడూ భరిస్తాడు, ఏంజెలో అయినా లేస్తుంది. షైలాక్ మాటలోకి ‘అయినా’ను తేవడం ఎంత పొరపాటో, ఏంజెలో కవితలో దాన్ని మెత్తబరచి ‘ఇంకా’ అనడం అంత పొరపాటు.

అలాగని ఆ కవితలో పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదు. ఆమె లేవడాన్ని చంద్రుడు, సూర్యుడు, పోటెత్తే అలలతో పోలుస్తుంది. ఇవి పంతానికి లేచేవి కావు, ఎల్లప్పుడూ లేచేవి. ఒకసారి జరిగే తిరుగుబాటు ఈ పోలికల వల్ల ప్రకృతినియమంగా మారుతుంది. తెలుగు అనువాదకుడికి ఇక్కడ మాత్రం భాష అనుకూలంగా ఉంది. ‘అయినా నేను లేస్తాను’ అంటే చాలు. ‘అయినా’ ధిక్కారాన్ని మోస్తుంది. ‘లేస్తాను’ అనే రూపం తెలుగులో రేపటికీ, రోజూ జరిగేదానికీ ఒకటే: ‘రేపు లేస్తాను’ అన్నా అదే, ‘రోజూ తెల్లవారుజామునే లేస్తాను’ అన్నా అదే. ఆంగ్లంలో చిన్నమాట మోసిన ‘ఎల్లప్పుడూ’ తెలుగులో క్రియారూపంలోకి వచ్చి కూర్చుంటుంది.